అయ్యో, ఉతికేశారా?

అందరికీ నమస్కారం. ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు నుంచి తెల్లారకముందే బస్సెక్కి కర్నూలు వచ్చిన, న్యాయసాయం అందేలా జనానికి తోడుండే కొత్త పారా లీగల్ వాలంటీర్లకు మరీ మరీ నమస్కారం.

రాత్రిపూట ఫోన్ రాగానే బాధితురాలి దగ్గరికి పోయే ఆన్‌కాల్ డ్యూటీ గురించి చెప్పమన్నారు. ఈ సంచి చూపిస్తే సగం చెప్పినట్టే. ఇందులో రెండు కాటన్ నైటీలు, ఒక చున్నీ, రబ్బరు చెప్పులు, ప్యాడ్లు, బిస్కెట్లు, ఫోన్ చార్జరు ఉన్నాయి. నైటీలు ఎందుకంటారా? అత్యాచారం కేసులో అమ్మాయి ఒంటి మీది బట్టలు సాక్ష్యంగా తీసుకుంటారు. నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి సీలు వేస్తారు. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పాడవుతాయి. ఇదంతా నాకు శిక్షణలో చెప్పారు. బట్టలు ఇచ్చేశాక ఆ పిల్ల ఏం వేసుకుని ఇంటికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి దుప్పటి చుట్టుకుని తెల్లవారేదాకా కూర్చున్న ఒక అమ్మాయిని చూశాక ఈ సంచి మొదలుపెట్టాను.

ఫోన్ మహిళల హెల్ప్‌లైన్ 181 నుంచి రావచ్చు, అత్యవసర నంబరు 112 నుంచి రావచ్చు, పెద్దాసుపత్రి క్యాజువాలిటీ నుంచో, ఊళ్లో ఆశా కార్యకర్త నుంచో రావచ్చు. వైద్యం, పోలీసు సాయం, వకీలు, కౌన్సెలింగ్, కొద్ది రోజులు తలదాచుకునే చోటు అన్నీ ఒక్క దగ్గరే దొరకాలని 2015 ఏప్రిల్‌లో కేంద్రం వన్ స్టాప్ సెంటర్లు మొదలుపెట్టింది. మనం సఖి అని పిలిచేవి అవే. అక్కడిదాకా ఆమె పక్కన నడవడం మన పని.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. బాధితురాలు ఎవరో బయటపెడితే రెండేళ్లదాకా జైలు శిక్ష ఉంది. చట్టం లేకపోయినా మనం చెప్పకూడదు.

రాత్రి రెండింటికి ఒక పల్లెకు పోయాను. పందొమ్మిదేళ్ల అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది. జుట్టు చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పెరట్లో దండెం మీద పసుపుపచ్చ చుడీదారు, ఇంకా నీళ్లోడుతోంది. బిడ్డను ఆ స్థితిలో చూడలేక తల్లి తలారా స్నానం చేయించి, బట్టలు పిండి ఆరేసింది. నేను గడపలోనే నిలబడి, "అయ్యో, ఉతికేశారా?" అన్నాను. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మాయి దండెం వైపు చూసి తల దించుకుంది.

ఆరు నెలల తర్వాత కోర్టు వరండాలో ఆ పిల్ల నన్నడిగింది: "అక్కా, మాయమ్మ బట్టలు ఉతికినందుకే కేసు పోతుందా?" ఆ ఆరు నెలలూ తల్లీకూతుళ్లు సరిగా మాట్లాడుకోలేదు.

నిజానికి స్నానం చేసినా, బట్టలు ఉతికినా వైద్యపరీక్ష చేయించుకోవచ్చు. గాయాలుంటాయి, వేరే ఆనవాళ్లు దొరకవచ్చు. అన్నిటికన్నా ఆమె వాంగ్మూలం ఉంది. అది నమ్మదగినదైతే దాని మీదే శిక్ష వేయవచ్చని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఇవన్నీ నేను ఆ గడపలోనే చెప్పి ఉండాల్సింది. "మీరు చేసిందాంట్లో తప్పేం లేదమ్మా" అని ఆ తల్లి చెయ్యి పట్టుకోవాల్సింది. ఇప్పుడైతే ఇంట్లో అడుగుపెట్టేముందు ఒక్క నిమిషం ఆగి, ముఖం సర్దుకుని, అప్పుడు లోపలికి పోతాను.

ఆసుపత్రిలో "ముందు ఎఫ్‌ఐఆర్ తెండి" అని ఎవరైనా అంటే గొడవపడకండి, కానీ కదలకండి. ఎఫ్‌ఐఆర్ లేకుండానే పరీక్ష, వైద్యం మొదలుపెట్టాలి. ప్రైవేటు ఆసుపత్రయినా ఉచితంగా చూడాలి. ఒక్కో పరీక్షకు ముందు ఆమె ఒప్పుకోవాలి, వద్దంటే వద్దు. వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగదు. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుకావాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. అమ్మాయికి ముందే లైంగిక అనుభవం ఉందో లేదో చూస్తామంటూ చేసే రెండు వేళ్ల పరీక్ష చేసేవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎవరైనా ఆ మాటెత్తితే మర్యాదగా అడ్డుచెప్పండి.

మన పడమటి మండలాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలికి వలస పోతాయి. అక్కడ ఏదైనా జరిగితే, భయపడి రాత్రికి రాత్రి ఊరికి వచ్చేస్తారు. ఒక స్టేషన్‌లో నా కళ్ల ముందే ఒకామెను, "జరిగింది ఆడ, ఈడికెందుకొచ్చినావు?" అని పంపేయబోయారు. ఆమె చంకలో చంటిబిడ్డ, చేతి గోళ్లలో ఇంకా మిరపకాయ ఎరుపు. ఆమెకు నాలుగు వందల కిలోమీటర్లు వెనక్కి పోయే శక్తి ఎక్కడిది? ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అదే జీరో ఎఫ్‌ఐఆర్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ చూడండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలనీ అక్కడే ఉంది. అత్యాచారం కేసులో వాంగ్మూలం వీలైనంతవరకు మహిళా పోలీసు అధికారే, బాధితురాలి ఇంట్లో గానీ, బాధితురాలు చెప్పిన చోట గానీ తీసుకోవాలి. ఇంట్లోవాళ్లు గానీ, స్థానిక సామాజిక కార్యకర్త గానీ పక్కన ఉండవచ్చు. అంటే ఆ గదిలో మీకూ కుర్చీ ఉంది. కూర్చోండి. ఆమె మాట ఆగిపోతే మీరు పూరించకండి.

మొగుడు కొట్టాడని వచ్చినామె మూడోనాడు అదే ఇంటికి పోతానంటుంది. నాకు మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు నంబరు కాగితం మీద రాసి రవికెలో పెట్టుకోమంటాను. మళ్లీ వస్తే అదే టీ, అదే చాప. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకుందని, ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుందని చెబుతాను. కేసు వేయాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆమే.

ఆ రాత్రులు మన ఒంట్లోనూ ఉండిపోతాయి. ఇంటికి పోయి ఎవరికీ చెప్పలేం. అందుకే నెలకోసారి మాలో మేం కూర్చుని, పేర్లు లేకుండా మాట్లాడుకుంటాం. మీరూ రండి.

కాగితం కవర్లు ఎలా సీలు వేయాలో భోజనాలయ్యాక డాక్టరమ్మ చూపిస్తారు. అందాకా ఈ సంచిని వెనక వరుస దాకా అందించండి. ఏమేం తక్కువయ్యాయో చూసి చెప్పండి. చిన్నపిల్లల సైజు బట్టలు లేవని నాకు నిన్న రాత్రే తెలిసింది.