ఆడే అమ్మాయికి ఎంత అన్నం పెట్టాలి?

అందరికీ నమస్కారం. మీ అమ్మాయిలు ఇక్కడ అమెరికాలో కాలేజీ టీముల్లో సాకర్ ఆడుతున్నారు. ఆట సంగతి కోచ్‌లు చూసుకుంటారు, నేను తిండి గురించి మాట్లాడతాను. ముందు ఒక లెక్క వేద్దాం.

అమ్మాయి బరువు 60 కిలోలు అనుకోండి. కొవ్వు తీసేస్తే మిగిలేది సుమారు 48. రోజుకు 1,900 కేలరీలు తింటోంది. చూసేవాళ్లకి బాగానే తింటున్నట్టు ఉంటుంది. ప్రాక్టీసులో 600 పోయాయి. మిగిలిన 1,300ని 48తో భాగిస్తే కిలోకి 27. గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు అన్నీ ఆ 27తోనే నెట్టుకురావాలి. 45 దాకా ఉంటే ఒంటికి హాయి. 30 కన్నా తగ్గి కొన్నాళ్లు అలాగే సాగితే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. అందరికీ గీత సరిగ్గా అక్కడే ఉండదనుకోండి. జీతం తగ్గితే ఇంట్లో ముందు ఏ ఖర్చు ఆపొచ్చో చూస్తాం కదా, ఒళ్లు కూడా అంతే: నెలసరి ఆపుతుంది, ఎముకల మరమ్మతు వాయిదా వేస్తుంది.

పెన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు డివిజన్ వన్, అంటే కాలేజీ ఆటల్లో పైస్థాయి, సాకర్ అమ్మాయిలను సీజన్ పొడవునా గమనించి 2013లో ఫలితాలు వేశారు. ఇరవై మంది లోపే. సీజన్ మొదట్లో నలుగురిలో ఒకరు, మధ్యలో ముగ్గురిలో ఒకరు ఆ 30కి కిందే ఉన్నారు.

వీళ్లలో డైటింగ్ చేసేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి తినే తీరికే ఉండదు. పొద్దున ప్రాక్టీసు, ఆపైన క్లాసు, ల్యాబు, వెయిట్స్. పైగా బాగా పరిగెత్తాక కాసేపు ఆకలే తెలియదు. బరువు కూడా తగ్గకపోవచ్చు, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంది కాబట్టి. అందుకే తూకం చూసి నిశ్చింతగా ఉండొద్దు. అమ్మలు "డేట్ వస్తోందా?" అని అడగండి. "సీజన్‌లో రాదమ్మా, హాయి" అంటే నవ్వి ఊరుకోకండి. మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరికే. గర్భనిరోధక పిల్స్ వాడుతుంటే మాత్రం బ్లీడింగ్‌ను బట్టి ఏమీ చెప్పలేం.

ఇక మన వంటింటి సంగతి. నాన్నకు షుగర్, కాబట్టి ఇంటిల్లిపాదికీ అన్నం బంద్! సెలవులకు వచ్చిన పిల్లకి కూడా అదే సలాడ్, అదే ఒక్క పుల్కా. పైగా వచ్చిన పిన్ని "స్లిమ్ అయ్యావే" అని మెచ్చుకోవడం. మ్యాచ్ ముందురోజు ఆ పిల్లకి కిలో బరువుకు 6 నుంచి 8 గ్రాముల పిండిపదార్థం కావాలి. అంటే మన 60 కిలోల అమ్మాయికి కనీసం 360 గ్రాములు. కప్పు అన్నంలో ఉండేది దాదాపు 45. ఎనిమిది కప్పులు ఎవరూ తినరు. ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండ్లు, ఖర్జూరాలు, బ్రెడ్డు, జ్యూసు, అన్నీ కలిపి అక్కడికి చేరాలి. నాన్నగారి పుల్కా నాన్నగారికే ఉంచండి.

ప్రశ్నలుంటే అడగండి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులు తెచ్చినవాళ్లు చివర్లో కలవండి. రిపోర్టు అమ్మాయిది కాబట్టి తనని కూడా వెంటబెట్టుకుని రండి.