బిడ్డ తూకానికి వెళ్తే చెయ్యి పట్టుకున్నాడు, ఎవరికి చెప్పాలి?

యాంకర్: నమస్తే, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నల్గొండ జిల్లా మేడం. పేరు వద్దు, ఏమనుకోకండి. ఆశా వర్కర్‌ని, పదకొండేళ్లయింది.

యాంకర్: పేరు అక్కర్లేదు. లాయర్ గారు వింటున్నారు, చెప్పు తల్లీ.

కాలర్: దవాఖానాలో కాన్పయితే బాలింత ఇంటికి మేం ఆరుసార్లు పోవాలి మేడం, మూడో రోజు, ఏడు, 14, 21, 28, 42. మొదటి రెండుసార్లు ఏం కాలేదు. 14వ రోజు లోపలి గదిలో బిడ్డను తూకం వేస్తుంటే ఆ బాలింత మామ వచ్చి వెనక నిలబడి చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని వచ్చేశా. 21వ రోజు మా ఆడపడుచు కొడుకుని తోడు తీసుకుని పోయిన. ఇంకా రెండుసార్లు పోవాలి.

లాయర్: మళ్లీ ఏమైనా చేశాడా?

కాలర్: రాత్రి ఫోన్లు చేస్తున్నాడు. మా నంబర్ ఊళ్లో అందరి దగ్గరా ఉంటది కదా.

యాంకర్: రాత్రిపూట ఫోన్ ఆఫ్ చేసేస్తే?

కాలర్: ఎట్లా చేస్తాం మేడం? నొప్పులొచ్చినోళ్లు కూడా అదే నంబర్‌కి చేస్తారు.

యాంకర్: అవును కదా... ఆలోచించకుండా అన్నాను.

లాయర్: ఎవరికైనా చెప్పావా?

కాలర్: మా పైన ఉండే నర్సు, ఏఎన్‌ఎం మేడంకి చెప్పా. "ఊళ్లో మాటొస్తది, నువ్వే జాగ్రత్తగా ఉండు" అన్నది. ఆ ఇల్లు వదిలేస్తే ఆరుసార్లు పోయినట్టు రాసే కార్డు నిండదు, కార్డు నిండకపోతే దానికిచ్చే 250 రూపాయలు రావు. పైసల సంగతి అట్లుంచండి, బిడ్డ బరువు తక్కువ ఉంది మేడం, రెండు కిలోలే. వదిలెయ్యబుద్ధి కావట్లేదు.

లాయర్: సరే, విను. మీ జీతం గురించి అడిగితే సర్కారు ఏమంటుంది? మీరు వాలంటీర్లు, మీకిచ్చేది పారితోషికం అంటుంది. అందుకే మీరు 18,000 ఫిక్స్‌డ్ వేతనం కావాలని 2023లో సమ్మె చేయాల్సి వచ్చింది. కానీ పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఉంది చూశావా, అందులో ఉద్యోగి అంటే ఎవరో రాసిన చోట జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా ఉద్యోగే అని ఉంది. పని మీద వెళ్లిన ప్రతి చోటూ పని చోటే. అంటే ఆ బాలింత గది నీ ఆఫీసు. వేతనం దగ్గర ఉద్యోగివి కాకపోయినా ఇక్కడ మాత్రం ఉద్యోగివే, నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ ఇప్పుడు నీకు పనికొచ్చేది ఇదే.

కాలర్: వాడు మా డిపార్ట్‌మెంటోడు కాదు కదా మేడం?

లాయర్: కాకపోయినా సరే. బయటివాడు చేసినా చర్య తీసుకునేలా చూడటం, పోలీసు కేసు పెట్టడానికి నీకు సాయం చేయడం పని ఇచ్చినవాళ్ల బాధ్యత అని అదే చట్టంలో ఉంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేశాడో తెల్లకాగితం మీద రాసి మీ పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కి ఇవ్వు. ఒక కాపీ ఇలాంటి ఫిర్యాదులు వినడానికి జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి పంపు, అదెక్కడుందో కలెక్టరేట్‌లో అడిగితే చెప్తారు. జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి, ఊరికే నాన్చకు. చెయ్యి పట్టుకున్నందుకు, వద్దన్నా ఫోన్లు చేస్తున్నందుకు పోలీస్ స్టేషన్లో కేసవుతుంది, ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో 75, 78 సెక్షన్లు. కాల్ లిస్ట్ ఫొటో తీసి పెట్టుకో, చెరిపెయ్యకు. స్టేషన్‌కి పోవడానికి భయమైతే ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి.

కాలర్: 28వ రోజు ఎల్లుండే మేడం.

లాయర్: ఒక్కదానివే వెళ్లకు. ఏఎన్‌ఎంని గానీ అంగన్‌వాడీ టీచర్‌ని గానీ తోడు పంపమని అదే కాగితంలో రాయి. మేనల్లుడు ఎన్నాళ్లు వస్తాడు?

యాంకర్: జాగ్రత్తమ్మా. తర్వాతి కాలర్... ప్రకాశం జిల్లా నుంచి.

కాలర్: నమస్కారమండీ. మా ఆవిడ ఆశా కార్యకర్త. అర్ధరాత్రి కాన్పు కేసులని ఆటోల్లో తిరుగుద్ది. ఇచ్చేది పది వేలు. ఏదన్నా అయితే ఎవరిస్తారండీ? మానెయ్యమంటే వినదు.

లాయర్: మానమని మీరెందుకు అంటున్నారు? ఆమె మీ ఇంట్లో వంట మానేసిందా?

కాలర్: లేదులెండి, వంట చేసే వెళ్తుంది.

లాయర్: మరింకేం! చూడండి, 2018లో కేంద్రం ఆశాలను జీవన్ జ్యోతి, సురక్షా బీమాల్లో చేర్చింది, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. ఒక్కోదానికి రెండు లక్షలు. కానీ మీ ఆవిడ పేరు నిజంగా ఎక్కిందో లేదో ఎవరూ వచ్చి చెప్పరు, బ్యాంకుకెళ్లి అడగండి. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరాలంటే యాభై దాటకూడదు. ఇక మీ రాష్ట్రంలో 2025లో తీసుకున్న నిర్ణయాలున్నాయి, పని వయసు 62కి పెంచారు, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల సెలవు, లక్షన్నర దాకా గ్రాట్యుటీ.

కాలర్: పిల్లలిద్దరూ ఇంటర్‌కొచ్చారు, ఆ సెలవు మాకెందుకండీ.

లాయర్: (నవ్వు) గ్రాట్యుటీ పట్టుకోండి. పని మొదలుపెట్టిన తేదీ ఉన్న కాగితాలు ఒక్కటీ పారెయ్యకండి. చాలామంది పోగొట్టుకునేది అవే.

యాంకర్: ఇంకొక్క కాల్‌కి టైముంది. చెప్పండి.

కాలర్: నేను ఏఎన్‌ఎంని మేడం. ఇందాక ఆ అమ్మాయి మాట్లాడితే విన్నా. నేనూ ఒకసారి మా ఆశాతో అదే మాటన్నాను, జాగ్రత్తగా ఉండమని. నాదీ కాంట్రాక్టే. ఆ కాగితం పైకి పంపితే రేపు నన్నే అడుగుతారని భయపడ్డా.

లాయర్: భయం నాకర్థమైంది. మీ చేతిలో ఒక చిన్న పని ఉంది. ఆమె కాగితం తెస్తే తీసుకుని, తేదీ వేసి, కాపీ మీద సంతకం పెట్టి వెనక్కివ్వండి. ముట్టినట్టు రుజువుంటే తర్వాత మాకలాంటి కాగితమే రాలేదని ఎవరూ అనలేరు.

కాలర్: స్టాంప్ డాక్టర్ గారి దగ్గరుంటుంది మేడం.

లాయర్: స్టాంప్ లేకపోయినా పర్లేదు. మీ సంతకం, కింద తేదీ చాలు.