లైబీరియాలో యుద్ధం ఆపిందెవరు, దేశం నడిపిందెవరు

అందరికీ నమస్కారం.

యుద్ధం ముగిశాక దేశాన్ని మళ్ళీ నిలబెట్టడంలో మహిళా నాయకుల పాత్ర గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి సభల్లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: ఆడవాళ్ళు పుట్టుకతోనే శాంతమూర్తులు, వాళ్ళ చేతికి అధికారమిస్తే యుద్ధాలే ఉండవు అని. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ఎందుకో చెప్పాలంటే పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా సంగతి చెప్పాలి.

అక్కడ 1989లో మొదలైన అంతర్యుద్ధం, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 2003 దాకా సాగింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. చిన్నపిల్లల చేతుల్లోనూ తుపాకులు పెట్టారు. 2003లో లేమా గ్బోవీ అనే సామాజిక కార్యకర్త, ఇంకొందరు కలిసి క్రైస్తవ, ముస్లిం మహిళలను ఒక్కచోటికి చేర్చారు. తెల్ల టీషర్టులు వేసుకుని రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గరి మైదానంలో ఎండనక వాననక కూర్చున్నారు. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కాన్వాయ్ వెళ్ళేది ఆ దారినే. చోటు చూసుకునే కూర్చున్నారన్నమాట.

ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు వారాల తరబడి నడిచాయి. ఎవరికే పదవి అని ముఠా నాయకులు అక్కడ బేరాలాడుతుంటే, ఇక్కడ మన్రోవియా మీద షెల్స్ పడుతున్నాయి. జులైలో ఆ మహిళలు వెళ్ళి చర్చల హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. తేల్చేదాకా ఎవరినీ బయటికి పోనివ్వబోమన్నారు. అరెస్టు చేయబోతే, గ్బోవీ ఒంటి మీద బట్టలు విప్పేస్తానని లేచారు. తల్లిలాంటి మనిషి అలా చేస్తే చూసినవాళ్ళకు శాపం తగులుతుందని అక్కడి నమ్మకం. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. దానికి వారం ముందే టేలర్ గద్దె దిగి నైజీరియా వెళ్ళిపోయాడు. తిరుగుబాటు సేనలు రాజధానిలోకి వచ్చేశాయి, బయటి దేశాల ఒత్తిడీ ఉంది, నిజమే. అయినా గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళ లెక్క తీసేయలేం. అది మెతకతనం కాదు, గట్టిగా సంఘటితం కావడం.

ఇక ఎలెన్ జాన్సన్ సర్లీఫ్. ఆమె ధర్నాల్లోంచి వచ్చిన మనిషి కాదు. హార్వర్డ్‌లో చదివారు, ఆర్థిక మంత్రిగా చేశారు, సైనిక పాలనలో జైలుకెళ్ళారు, సిటీబ్యాంకులో, ఐక్యరాజ్యసమితిలో పనిచేశారు. యుద్ధం తొలిరోజుల్లో ఇదే టేలర్‌ను సమర్థించారు కూడా! 2005 ఎన్నికల్లో తొలి రౌండులో ఫుట్‌బాల్ స్టార్ జార్జ్ వేయా ముందున్నా, రెండో రౌండులో 59 శాతం ఓట్లతో ఈమె గెలిచారు. ఆఫ్రికాలో ఎన్నికై దేశాధినేత అయిన మొదటి మహిళ.

కరెంటు లేని రాజధాని, దాదాపు 490 కోట్ల డాలర్ల విదేశీ అప్పు ఆమె చేతికొచ్చాయి. ఆ అప్పులో అత్యధిక భాగాన్ని 2010కల్లా మాఫీ చేయించుకున్నారు. నా దృష్టిలో ఆమె చేసిన అతి పెద్ద పని అదే. ఫొటోలకు పనికొచ్చే పని కాదు కాబట్టి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. మనవాళ్ళ పాత్ర కూడా కాస్త ఉంది. 2007 నుంచి 2016 దాకా భారత మహిళా పోలీసు దళాలు అక్కడ ఐక్యరాజ్యసమితి తరఫున కాపలా కాశాయి. మహిళలతోనే ఏర్పడిన అలాంటి దళం ప్రపంచంలో అదే మొదటిది.

2011లో సర్లీఫ్‌కూ గ్బోవీకీ నోబెల్ శాంతి బహుమతి కలిసి వచ్చింది. మరుసటి ఏడాదే గ్బోవీ ఆమెను బహిరంగంగా విమర్శించి, ప్రభుత్వం ఇచ్చిన సయోధ్య బాధ్యత నుంచి తప్పుకున్నారు. సర్లీఫ్ తన కొడుకులకు పెద్ద పదవులు ఇచ్చారన్నది అందులో ఒక ఫిర్యాదు. నాకు ఆ తగాదా ముచ్చటగానే అనిపిస్తుంది. ఆడవాళ్ళంతా ఒక్క మాట మీదే ఉండాలని ఎవరన్నారు?

2018 జనవరిలో సర్లీఫ్ వేయాకు ప్రశాంతంగా అధికారం అప్పగించారు. ఎన్నికైన ఒక అధ్యక్షుడి నుంచి ఇంకొకరికి అధికారం అలా మారి అప్పటికి డెబ్భై ఏళ్ళు దాటింది. కానీ ఆమె పన్నెండేళ్ళ పాలనలో యుద్ధ నేరాలకు సొంత గడ్డ మీద ఒక్క విచారణా జరగలేదు. 2017 ఎన్నికల్లో 73 మంది ఉండే ప్రతినిధుల సభకు గెలిచిన మహిళలు తొమ్మిదిమందే. ప్రశ్నల సమయంలో ముందు దీని మీదే అడగండి, నా దగ్గర తేలిక జవాబు లేదు.