మోకాలి ఎముకకు ఆడ, మగ, దేశం తేడాలున్నాయా?

యాంకర్: నమస్కారం. అరిగిన మోకాలి కీలు స్థానంలో అమర్చే కృత్రిమ కీలునే ఇంప్లాంట్ అంటారు. "ఆడవాళ్ల మోకాలికి ప్రత్యేక ఇంప్లాంట్", "ఆసియా వాళ్లకు వేరే డిజైన్" అని వింటే మోకాలి మార్పిడి ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న ఇళ్లలో టెన్షన్ మొదలవుతోంది. ప్రొఫెసర్ గారూ, అనాటమీ ఏం చెబుతుంది?

ప్రొఫెసర్: తేడా నిజమేనండీ. తొడ ఎముక కింది చివర కొలిచేటప్పుడు ముందు నుంచి వెనక్కి ఒక కొలత, అడ్డంగా ఒక కొలత తీస్తాం. మొదటిది సమానంగా ఉన్నా, ఆడవాళ్లలో అడ్డం కొలత సగటున తక్కువ. కానీ ఇందులో చాలా భాగం ఒంటి సైజు వల్ల వచ్చేదే. పొట్టిగా ఉన్న మగవాళ్ల కొలతలు, పొడుగ్గా ఉన్న ఆడవాళ్ల కొలతలు కలిసిపోతాయి. మధ్య సైజు ఎముక ఒకటి చేతిలో పెడితే ఆడా మగా అని నేను కచ్చితంగా చెప్పలేను.

సర్జన్: ఆపరేషన్‌లో మమ్మల్ని ఇబ్బంది పెట్టేది ఆ అడ్డం కొలతే. సాధారణంగా ముందు-వెనక కొలతను బట్టి ఇంప్లాంట్ సైజు ఎంచుకుంటాం. లోహం పక్కలకు 3 మిల్లీమీటర్లు బయటికొచ్చినా చుట్టూ ఉన్న కండరాలు, లిగమెంట్లకు రాసుకుంటుంది. ఏళ్ల తర్వాత కూడా నొప్పి మిగలడానికి అదొక కారణం. సరే, చిన్న సైజు వేద్దామంటే ఎముక ముందువైపు గాడి పడొచ్చు, లేదా మోకాలు మడిచినప్పుడు వదులైపోవచ్చు.

యాంకర్: మన దేశంలో?

సర్జన్: భారతీయుల మోకాళ్లను సీటీ స్కాన్‌తో కొలిచి 2000లో ప్రచురించిన అధ్యయనం ఉంది. అప్పట్లో దొరికే అతి చిన్న ఇంప్లాంట్ కన్నా చాలామంది ఆడవాళ్ల ఎముక చిన్నదని అందులో తేలింది. విదేశీ కొలతలతో చేసినవి మనవాళ్లకు సరిపెట్టాల్సి రావడం అన్యాయం. దాన్ని గట్టిగానే చెప్పాలి.

ఫిజియోథెరపిస్ట్: ఒక మాట అడ్డం వస్తానండీ. "మనవాళ్లకు దొడ్డికాళ్లు, అది ఆసియా లక్షణం" అని తేలిగ్గా అనేస్తుంటారు. 2012లో బెల్జియంలో మోకాలి జబ్బులేని యువతను పరీక్షిస్తే మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి మోకాళ్లు బయటికి వంగే ఆ వంపు 3 డిగ్రీలు, అంతకు మించి సహజంగానే ఉంది. దాన్ని ఒక జాతికి అంటగట్టడం సరికాదు.

యాంకర్: మరి ఆడవాళ్ల ప్రత్యేక మోకాలు సంగతి?

సర్జన్: 2006లో జిమ్మర్ కంపెనీ తెచ్చింది. కొరియాలో కొందరు మహిళలకు ఒక కాలికి మామూలుది, రెండో కాలికి ఆ కొత్తది వేసి పోల్చారు. నొప్పిలో, వంగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిజంగా పనికొచ్చింది ఒకే సైజులో సన్నరకం, మామూలు రకం రెండూ దొరకడం. సన్నని ఎముక ఉన్న మగాయనకూ ఆ సన్నరకమే వేస్తాం.

యాంకర్: "ప్రత్యేకం" అనగానే రేటు పెరుగుతుందనే భయం ఉంది కదా?

సర్జన్: 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టినప్పుడు కోబాల్ట్-క్రోమియం అనే లోహ మిశ్రమంతో చేసే మామూలు ఇంప్లాంట్‌కు 54,720 రూపాయలు, ఎక్కువ వంగుతుందని చెప్పే హై-ఫ్లెక్స్‌కు 56,490 అని పెట్టారు, జీఎస్టీ అదనం. తేడా రెండు వేలు కూడా లేదు.

ఫిజియోథెరపిస్ట్: బాసింపట్టు వేసుకుని కూర్చోగలనా అని అందరూ అడుగుతారు. ఆపరేషన్‌కు ముందు మోకాలు ఎంతవరకు వంగుతుందన్నదే దానికి పెద్ద సూచన. అందుకే ముందునుంచే వ్యాయామం చేయించమంటాను.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక కాలర్: "మా అమ్మ ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు. డాక్టర్‌ని ఏం అడగాలి?"

సర్జన్: ఎక్స్‌రే మీద సైజు అంచనా వేశారా, అతి చిన్న సైజులూ సన్నరకమూ ఆపరేషన్ రోజు థియేటర్‌లో ఉంటాయా అని అడగమ్మా. పెట్టె మీద ఆడవాళ్లదని రాసి ఉందా లేదా అన్నది అవసరం లేదు.