హీలియం గుంటూరులో దొరికిందా?

నమస్తే! హీలియంని మన గుంటూరులోనే కనిపెట్టారని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటుంది. అందులో సగమే నిజం. మిగతా సగం తేలాలంటే అసలు వెలుగు ఎలా పుడుతుందో చూడాలి.

1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి పనిగట్టుకుని గుంటూరు వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల మీదికి స్పెక్ట్రోస్కోపు (వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం) తిప్పాడు. ఇంద్రధనుస్సులా రంగులన్నీ రాలేదు. విడివిడిగా మెరిసే గీతలే వచ్చాయి. అంటే అది వేడెక్కిన వాయువన్నమాట. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకపోయినా పట్టపగలే మళ్లీ చూశాడాయన!

గీతలే ఎందుకు? పరమాణువులో ఎలక్ట్రాన్ ఎక్కడ పడితే అక్కడ ఉండలేదు, దానికి కొన్ని శక్తి స్థాయిలే ఉంటాయి. వేడి తగిలి పైకి పోయింది మళ్లీ కిందికి దిగేటప్పుడు, రెండిటి మధ్య తేడా ఎంతో అంత శక్తినీ వెలుగుగా వదిలేస్తుంది. హైడ్రోజన్‌లో మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగితే 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపు. ఆ జ్వాలల రంగు ప్రధానంగా అదే. రెండు నుంచి ఒకటికి దిగితే తేడా చాలా ఎక్కువ, వచ్చేది 122 నానోమీటర్ల అతినీలలోహితం. అది కంటికి కనపడదు, గాలిని దాటి నేలకీ చేరదు. అదే హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్నీ వదలగలదు!

కంటికి కనపడేవీ కనపడనివీ, ఈ తరంగాలన్నీ ఒకే జాతి, వేగమూ ఒకటే. అణువులు కంపిస్తే ఇన్‌ఫ్రారెడ్, బరువైన పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ల సర్దుబాటులో ఎక్స్‌రే, కేంద్రకం నుంచైతే గామా.

ఇక అసలు కథ. ఆ గ్రహణంలో సోడియం పసుపుకి ఆనుకునే ఇంకో పసుపు గీత కనిపించింది. సోడియంది 589 నానోమీటర్లు, దీనిది 587.6. ఆ కాస్త తేడానే కీలకం. మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా పసుపు గీతను చూశాడు. కానీ అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్ నుంచి దాన్ని కొలిచి, ఇది సోడియం కాదని పట్టుకున్నది ఖగోళ శాస్త్రవేత్త లాకియర్. భూమ్మీద తెలియని మూలకమన్నదీ ఆయనే, అదే హీలియం. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే యురేనియం ఖనిజంలోంచి తీసిన వాయువులో అదే గీత కనిపించాక గానీ లోకం పూర్తిగా నమ్మలేదు. జాన్సెన్‌కి దక్కాల్సింది గ్రహణం లేకుండా జ్వాలల్ని చూసే పద్ధతికి సంబంధించిన ఘనత, నా దృష్టిలో అదేం చిన్నది కాదు.

1869 గ్రహణంలో 530.3 నానోమీటర్ల దగ్గర ఓ ఆకుపచ్చ గీత కనిపించింది. మళ్లీ కొత్త మూలకమే అనుకుని కరోనియం అని పేరు కూడా పెట్టేశారు. అది 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుమని తేలడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. 2023లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 కరోనాగ్రాఫ్ (సూర్యబింబాన్ని కప్పి చుట్టూ ఉన్న కరోనాను చూసే పరికరం) ఇప్పుడు చూసే గీతల్లో అదీ ఒకటి.