శంకరాభరణాన్ని రిషభం నుంచి మొదలుపెడితే ఖరహరప్రియ వస్తుందా?

[దృశ్యం: విశాఖపట్నం, పెదవాల్తేరులో ఒక మేడమీది గది. కిటికీలు మూసి ఉన్నాయి. చాప మీద తంబురా, పక్కన స్వరమండలం (స్వరానికో తీగ ఉన్న వాద్యం).]

నమస్కారం. ఈ ఉక్కపోతలో కిటికీలు ఎందుకు మూశానని అడగకండి. సముద్రపు గాలి అందరికీ హాయి, తీగ వాయిద్యం ఉన్నవాళ్లకు తప్ప. పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి ఉండదు. తేమకు కర్ర ఉబ్బి, తీగను బిగించే బిరడ బిగుసుకుంటుంది. ఈ వీడియో అయ్యేదాకా శ్రుతి నిలిస్తే చాలు.

సంగీతం నేర్చుకున్నవాళ్లు గ్రహభేదం గురించి వినే ఉంటారు. శంకరాభరణం రాగం స్వరాలనే ఉంచి, రిషభాన్ని షడ్జమం అనుకుంటే ఖరహరప్రియ రాగం, గాంధారాన్ని అనుకుంటే తోడి, మధ్యమాన్ని అనుకుంటే కల్యాణి. పాశ్చాత్యులు డోరియన్, ఫ్రిజియన్, లిడియన్ అంటున్నవీ ఇవే మెట్లు. కాగితం మీద ఎక్కడా పేచీ లేదు. తీగ మీద ఉందో లేదో చూద్దాం.

[దగ్గరి దృశ్యం: తంబురా గుర్రం (తీగలు ఆనే ముక్క), తీగ కింద దారం.]

ముందు ఇది వినండి. మంద్ర షడ్జమం, అంటే కింది స, ఒక్కటే మీటుతున్నాను. సెకనుకు 120 కంపనాలు. తీగ కింద ఈ దారాన్ని కొద్దిగా జరుపుతాను... ఆగండి... ఇదిగో, పైన సన్నగా ఒక స్వరం వినిపిస్తోందా? అది అంతర గాంధారం, శంకరాభరణంలో ఉన్న గాంధారమే. నేను మీటలేదు, పాడలేదు. 120కి అయిదు రెట్లు, 600. తీగ తనంతట తాను పలికే ఇలాంటి స్వరాన్నే స్వయంభువు అంటారు. దీన్ని ఒక స్థాయి, అంటే స నుంచి పై స దాకా ఉన్న మేర, దింపితే 300. షడ్జమం 240 అయితే గాంధారం 300, అంటే 4కు 5. ఇలా చిన్న అంకెల నిష్పత్తులతో స్వరాలను కలపడాన్నే జస్ట్ ఇంటోనేషన్ అంటారు.

కీబోర్డులో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. అక్కడ ఇదే గాంధారం 302.4 దగ్గర పడుతుంది. తేడా రెండు కంపనాలేగా అనుకుంటాం. షడ్జమంతో కలిపి మోగించి చూడండి, నాదం అదురుతుంది. భౌతికశాస్త్ర పాఠంలో విస్పందనాలని చదువుకున్నది దీని గురించే. పంచమం మాత్రం కీబోర్డులోనూ దాదాపు సరిగ్గానే ఉంటుంది, పాపం.

[స్వరమండలం. తీగలు ఒక్కొక్కటిగా.]

ఇప్పుడు మొత్తం శంకరాభరణం. స 240, రి 270, గ 300, మ 320, ప 360, ద 400, ని 450, పై స 480. అన్నీ పూర్ణాంకాలే. షడ్జమం 240 పెట్టుకున్నదే అందుకు.

మొదట గాంధారం నుంచి. 300 షడ్జమం. షడ్జమ పంచమాలు 2కు 3, కాబట్టి దాని పంచమం 450 కావాలి, నిషాదం తీగ సరిగ్గా అక్కడే ఉంది. మధ్యమం 400, అదీ ఉంది. తోడి చక్కగా కుదిరింది.

ఇక రిషభం నుంచి. 270 షడ్జమం అయితే పంచమం 405 ఉండాలి. మన దగ్గర అక్కడ ఉన్న ధైవతం తీగ 400.

[రెండు తీగలూ కలిపి మీటుతారు. నాలుగు క్షణాలు మాటలుండవు.]

విన్నారు కదా. సెకనుకు పది అదురులు. షడ్జమ పంచమాలే కలవని ఖరహరప్రియ! 400కూ 405కూ ఉన్న ఈ తేడా 80కి 81. నాట్యశాస్త్రంలో భరతుడు రెండు వీణల ప్రయోగం చెబుతాడు. ఒకదానిలో పంచమాన్ని ఒక్క శ్రుతి, అంటే స్వరాల మధ్య అతి చిన్న ఎడం, దించితే షడ్జ గ్రామం అనే స్వరాల అమరిక మధ్యమ గ్రామం అనే మరో అమరిక అవుతుంది. ఆ ఎడమే ప్రమాణ శ్రుతి. అది ఈ 81/80 అనే చాలామంది లెక్కకడతారు.

మరి పేర్ల సంగతి? మన మేళకర్తల, అంటే ఏడు స్వరాల మూల రాగాల, పేర్లలో సంఖ్య దాగి ఉంటుంది. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది పద్ధతిలో ధ అంటే 9, ర అంటే 2. 'ధీర' 92, తిరగేస్తే 29. శంకరాభరణం పూర్తి పేరు ధీరశంకరాభరణం, అది 29వ మేళం. ఖరహరప్రియలో 'ఖర' 22, తిరగేసినా అంతే. పేరులోంచే స్వరస్థానాలు లాగవచ్చు, ఇంత తెలివైన పద్ధతి నాకు మరొకటి తెలియదు. కానీ ఆ సంఖ్య చెప్పేది పన్నెండు స్థానాల్లో ఏవి తీసుకున్నామన్నదే. ఆ స్థానంలో తీగ ఎక్కడ నిలిచిందో చెప్పదు. నా లెక్కలో 400 దగ్గర పంచమం ఉన్నదానికీ, 405 దగ్గర ఉన్నదానికీ ఒకే పేరు చెల్లదు. డోరియన్ అని పిలిచేవాళ్లకూ ఇదే ఇబ్బంది. అందుకే జస్ట్ ఇంటోనేషన్‌లో పనిచేసేవాళ్లు చాలాసార్లు పేరు పక్కన నిష్పత్తులు కూడా రాసుకుంటారు.

గాయకులకు ఈ బాధ లేదు, గొంతు దానంతటదే సర్దుకుంటుంది. ఇక్కడి కళాభారతి ఆడిటోరియంలో కచేరీకి వెళ్లినప్పుడు గ్రహభేదం చేసే చోట చెవి పెట్టి వినండి. తంబురా పాత షడ్జమం మీదే మోగుతూ ఉంటుంది, గాయకుడు కొత్త షడ్జమం మీద నిలబడతాడు. ఆ కాసేపు గొంతు ఏ పంచమాన్ని పట్టుకుంటుందన్నదే నాకు కచేరీ మొత్తంలో ఆసక్తి.

తీగకు ఆ సౌలభ్యం లేదు. సరే, ధైవతాన్నే పెంచేద్దామా?

[బిరడ తిప్పుతారు.]

401... 403... 405. రిషభంతో కలిపితే, ఆహా, నిశ్చలంగా ఉంది. ఖరహరప్రియ వచ్చేసింది. ఇప్పుడు అదే ధైవతాన్ని మధ్యమం 320తో కలిపి మోగిస్తున్నాను. ఇంతకుముందు ఇవి 4కు 5. ఇప్పుడు వినండి.

[రెండు తీగలు. నాదం గబగబా అదురుతూ ఆగిపోతుంది.]