బార్ చార్ట్ చూశారు సరే, దాని కింద ఏ ర్యామ్ పెట్టారో చూశారా?

నమస్తే! “యాటికన్నా గ్రాఫిక్ కార్డు? ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉందంట గదా!” కర్నూలులో కొత్తగా పీసీ అసెంబుల్ చేయించుకునే పిల్లలు, వాళ్ల వెంట వచ్చే నాన్నలు కౌంటర్ దగ్గర మొదట అనే మాట ఇదే. మాట నిజమే, ఉంది. అది ఏ మాత్రం పనిచేస్తుందో చూద్దామని ఫోన్‌లో వెతికితే మాత్రం తల తిరుగుతుంది. ఒక వీడియోలో ఆట సాఫీగా పోతుంటుంది. ఇంకో వీడియోలో అదే ప్రాసెసర్ మీద అదే ఆట ఆగి ఆగి నడుస్తుంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు, అంటే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు, వచ్చే స్కోరు ప్రాసెసర్ ఒక్కదాని స్కోరు కాదు. పక్కన పెట్టిన ర్యామ్, ఇచ్చిన వాట్లు, ఆఖరికి ఆ గదిలో వేడి, అన్నీ కలిస్తే వచ్చిన నంబర్ అది. ఈ రోజు వీడియో అంతా దాని మీదే.

స్క్రీన్ మీద కొటేషన్ చూడండి. షాపు పేరు చెరిపేశాను, మనకు దానితో పని లేదు. రైజెన్ 5 5600జీ, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఏఎండీ ప్రాసెసర్. కింద డీడీఆర్4 ర్యామ్ 16 జీబీ, దాని పక్కన చిన్నగా “1” అని ఉంది. అంటే 16 జీబీ ఒకే స్టిక్. “ఇప్పటికి ఒకటి వేసుకోండి, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చులే” అని షాపులో చెప్తారు. విడిగా గ్రాఫిక్ కార్డు ఉన్న పీసీకి ఆ సలహా ఇస్తే నేను పెద్దగా పట్టించుకోను. దీనికి మాత్రం అది సగం గొంతు నొక్కడమే.

ఎందుకంటే విడిగా వచ్చే కార్డుకు తన సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు అది లేదు, ర్యామ్‌నే వాడుకోవాలి. అదే ర్యామ్ నుంచి ప్రాసెసర్ కోర్లు కూడా తోడుకుంటాయి. సుంకేసుల దగ్గర కె.సి. కెనాల్‌లోకి వదిలిన నీళ్లు మన ఊరు దాటి కడప దాకా పోవాలి. పైన తూముల దగ్గరే గుంజుకుంటే చివరి ఆయకట్టుకు తడి అందదు. ఇక్కడ గ్రాఫిక్స్ పరిస్థితి అదే. లెక్క చూడండి. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక స్టిక్ సెకనుకు 25.6 జీబీ డేటా ఇస్తుంది. రెండు స్టిక్‌లు పెడితే రెండు దారులూ ఒకేసారి పారతాయి, దాన్నే డ్యూయల్ ఛానెల్ అంటారు, అప్పుడు 51.2 జీబీ. పాత జీటీఎక్స్ 1650 గ్రాఫిక్ కార్డు, జీడీడీఆర్5 మెమరీ ఉన్న మోడల్, తనొక్కదానికే సెకనుకు 128 జీబీ పెట్టుకుని కూర్చుంటుంది. 16 జీబీ స్టిక్ ఒకటి కాకుండా 8 జీబీ స్టిక్‌లు రెండు వేసుకుంటే ఖర్చులో తేడా కొంచెమే. గేమ్‌లో మాత్రం అది కంటికి కనపడే తేడా.

అందుకే ఎవరి బెంచ్‌మార్క్, అంటే వేగం కొలిచే టెస్ట్, చూసినా నా కళ్లు ముందు పోయేది పొడవాటి బార్ దగ్గరికి కాదు, కింద టెస్ట్ సెటప్ అని చిన్నక్షరాల్లో రాస్తారే, అక్కడికి. ర్యామ్ స్పీడు, ఎన్ని స్టిక్‌లు. ఈ రెండూ రాయని చార్ట్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న పీసీ సంగతి తెలియాలంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర “1 ఆఫ్ 2” అని ఉందంటే ఒక స్టిక్కే ఉన్నట్టు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో తమాషా ఉంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో మెరుగైనదాని పేరు ఐరిస్ ఎక్స్‌ఈ, ఆ స్టిక్కర్ చూసి కొంటారు, ఇంటికొచ్చి డివైస్ మేనేజర్ తెరిస్తే ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని ఉంటుంది. మోసం అనుకోకండి. లోపలి చిప్ అదే, మెమరీ డ్యూయల్ ఛానెల్‌లో లేకపోతే ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు చూపించదు. రెండో స్లాట్‌లో స్టిక్ పెట్టండి, పేరు మారుతుంది, పనితనం కూడా మారుతుంది.

ఇక డీడీఆర్5 వచ్చాక కొత్త వాదన మొదలైంది: “దీంట్లో ఒక్క స్టిక్‌లోనే డ్యూయల్ ఛానెల్ ఉంటదన్నా.” పీసీ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే ఒక స్టిక్‌కే “2 ఇంటూ 32 బిట్” అని కనపడుతుంది కాబట్టి నమ్మబుద్ధి అవుతుంది. అసలు సంగతి ఏమిటంటే, పాత స్టిక్‌లో ఉన్న 64 బిట్ దారినే 32, 32గా రెండు చేశారు. మొత్తం అదే 64. రెండు స్టిక్‌లు పెడితే “4 ఇంటూ 32” అని వస్తుంది, మీకు కావాల్సింది అది.

మెమరీ ఎంత గట్టిగా పట్టి ఆపుతుందో చూడాలంటే 2024 జనవరిలో వచ్చిన రెండు ప్రాసెసర్లు తీసుకోండి. రైజెన్ 5 8600జీలో రేడియాన్ 760ఎం గ్రాఫిక్స్, అందులో 8 కంప్యూట్ యూనిట్లు, అంటే బొమ్మను లెక్కగట్టే భాగాలు. రైజెన్ 7 8700జీలో 780ఎం, అందులో 12. కాగితం మీద ఒకటిన్నర రెట్లు. గేముల్లో మాత్రం తేడా దాని దరిదాపులకు కూడా రాదు, ఎందుకంటే రెండింటికీ మెమరీ దారి ఒకటే. అదే 780ఎం పేరుతో ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ 7500 మెమరీ, అంటే సెకనుకు 120 జీబీ. కొన్నింటికి మామూలు డీడీఆర్5 5600, రెండు స్టిక్‌లు పెట్టినా 89.6 జీబీ. పేరు ఒకటే ఉందని ఒకదాని స్కోరు తెచ్చి ఇంకోదానికి అంటించే వీడియోలు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

చార్టుల్లోనే ఇంకో తికమక. “గేమింగ్ సీపీయూ బెంచ్‌మార్క్” అని పెట్టే చార్టుల్లో చాలావరకు పక్కన ఆర్‌టీఎక్స్ 4090 లాంటి పెద్ద కార్డు పెట్టి చేస్తారు. కార్డు అడ్డం పడకుండా ప్రాసెసర్ బలం ఒక్కటే తేలాలని. ఆ పని వరకు అది సరైన పద్ధతే. అక్కడ 5600జీ వెనకబడుతుంది, 5600ఎక్స్ అనే ఇంకో ప్రాసెసర్‌లో 32 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ, ఉంటే దీనిలో 16 ఎంబీయే ఉంది మరి. ఆ చార్ట్ చూసి “5600జీ వేస్ట్, 12400ఎఫ్ తీసుకో” అని ఫ్రెండ్ చెప్తాడు. ఇంటెల్ ఐ5 12400ఎఫ్‌లో గ్రాఫిక్సే లేదు. మీరు కార్డు కొనకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు.

టెస్ట్ ఏది వాడారన్నది కూడా చూసుకోవాలి. గ్రాఫిక్స్ బలం కొలిచే 3డీమార్క్ అనే ప్రోగ్రామ్‌లో టైమ్ స్పై అనే బరువైన టెస్ట్ ఉంది, డైరెక్ట్‌ఎక్స్ 12 వాడుతుంది, 1440పీ రిజల్యూషన్‌లో బొమ్మ గీస్తుంది. దాన్ని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద నడిపితే స్లైడ్ షోనే. అలాంటి చిప్‌ల కోసమే 2018లో నైట్ రెయిడ్ అని తేలికైన టెస్ట్ తెచ్చారు. ఏది నడిపినా ఓవరాల్ స్కోర్ వదిలేసి గ్రాఫిక్స్ స్కోర్ చూడండి, ఓవరాల్‌లో సీపీయూ మార్కులు కూడా కలిసిపోతాయి.

ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పాలి, నాకు భలే ఇష్టం. 2009లో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్ వాళ్లు, మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండే ఇంటెల్ గ్రాఫిక్స్ మీద 3డీమార్క్ వాంటేజ్ అనే అప్పటి టెస్ట్ నడిపారు. తర్వాత ఆ ప్రోగ్రామ్ ఫైల్ పేరులో “వాంటేజ్” తీసి “వింటేజ్” అని పెట్టి మళ్లీ నడిపారు. స్కోరు పడిపోయింది! డ్రైవర్ ఫైల్ పేరు చూసి, గ్రాఫిక్స్ చేయాల్సిన పనిలో కొంత ప్రాసెసర్ మీదికి తోసేస్తోంది. ఇది గేములకు కూడా పనికొచ్చే ఆప్టిమైజేషనే అని ఇంటెల్ సమర్థించుకుంది. కావచ్చు. అయినా పేరు మారిస్తే మారే మార్కులను ఏమని నమ్ముతాం? అందుకే 3డీమార్క్ ఒక్కటి పెట్టి వదిలేసే రివ్యూల కన్నా నాలుగు గేములు ఆడి చూపించేవాళ్లే నయం.

గేముల్లో కూడా యావరేజ్ ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేములు, ఒక్కటే చెప్తే చాలదు. పక్కన 1 శాతం లో ఎంతో అడగండి, అంటే అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన 1 శాతం ఫ్రేములు ఏ స్పీడులో వచ్చాయి అని. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్క ఫ్రేము 100 మిల్లీసెకన్లు తీసుకున్నా యావరేజ్ పెద్దగా కదలదు, మీ చేతికి మాత్రం ఝాడించినట్టు తెలుస్తుంది. ఒక స్టిక్ ర్యామ్ పీసీల్లో ముందు కొట్టేది ఇక్కడే. ఎఫ్ఎస్ఆర్, ఫ్రేమ్ జనరేషన్ లాంటి ఎఫ్‌పీఎస్ పెంచి చూపించే సెట్టింగులు ఆన్ చేసి ఒకదాన్ని, ఆఫ్ చేసి ఇంకోదాన్ని పోల్చే చార్టుల గురించి చెప్పడానికి నాకు ఓపిక లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. రివ్యూలు ఎక్కువగా ఏసీ గదుల్లో, 22 డిగ్రీల దగ్గర చేస్తారు. మే నెలలో కర్నూలులో మేడ మీది గదిలో ఏసీ లేకపోతే సాయంత్రానికి 38 ఉంటుంది. ఏ ఫ్యాన్ అయినా గది గాలితోనే చల్లార్చాలి. వాళ్ల గదిలో చిప్ 80 డిగ్రీలు చూపిస్తే, ఆ 16 డిగ్రీల తేడా మన దగ్గర దాదాపు అలాగే పైకి ఎక్కుతుంది. 96! 5600జీకి హద్దు 95. అక్కడి నుంచి అది తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. కాబట్టి టెంపరేచర్ చెప్పేటప్పుడు గది ఎంత వేడిగా ఉందో కూడా చెప్పేవాళ్లు దొరికితే వదలకండి.

ల్యాప్‌టాప్‌ల్లో ఇది ఇంకా తీవ్రం. కోర్లు, గ్రాఫిక్స్ కలిపి 15 వాట్లో, 28 వాట్లో పంచుకోవాలి. మొదటి నిమిషంలో ఎక్కువ వాట్లు లాగి ఝామ్మని పోతుంది, వేడెక్కాక దిగుతుంది. చిన్న టెస్ట్ పెడితే ఆ మొదటి నిమిషమే స్కోరవుతుంది. 3డీమార్క్‌లో స్ట్రెస్ టెస్ట్ అని ఉంటుంది, ఒకే సీన్ వరసగా 20 సార్లు నడుపుతుంది, ఫ్రేమ్ రేట్ 97 శాతం నిలబడితేనే పాస్. నాకు అడిగితే ల్యాప్‌టాప్ రివ్యూలో ఆ ఒక్క నంబర్ చాలు. అది కూడా చార్జర్ పెట్టి చేశారా, బ్యాటరీ మీద చేశారా అని చెప్పాలి.

చివరిగా ఒకటి. గ్రాఫిక్స్ అంటే గేమే కాదు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే తమ్ముళ్లు ఎఫ్‌పీఎస్ చార్ట్ చూసి 5600జీ కొంటున్నారు. కొత్త కెమెరాల ఫుటేజ్ హెచ్ఈవీసీ 4:2:2 10 బిట్ అనే, రంగుల వివరం ఎక్కువగా ఉండే వీడియో ఫార్మాట్‌లో వస్తోంది. దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయడం, అంటే చిప్ తనే విప్పి చూపించడం, 5600జీలోని వేగా గ్రాఫిక్స్‌కు రాదు, ఖరీదైన ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డులకే రాదు. ఐ5 12400లోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ చేస్తుంది, క్విక్ సింక్ అనే ఇంటెల్ వీడియో హార్డ్‌వేర్‌తో. గేముల్లో వేగా ముందు నిలబడలేని బుడ్డ గ్రాఫిక్స్ అది. ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద మాత్రం పని సాఫీగా నడిపిస్తుంది. కొటేషన్‌లో 12400 రాయించుకుంటున్నారా, వెనకాల ఎఫ్ లేకుండా చూసుకోండి. బోర్డుకు హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు, ఎఫ్ ప్రాసెసర్ పెడితే ఆ పోర్టులో ఏమీ రాదు.